పాకిస్తానీ హోటల్లో సకుటుంబ భోజనం: ఏమి అడగాలి, ఏమి తినాలి

శనివారం సాయంత్రం డెవాన్ అవెన్యూలో పార్కింగ్ దొరికిందంటే ఆ రోజు మన జాతకం బాగున్నట్టే! చికాగో ఉత్తరపు కొసన ఉన్న ఈ వీధి గురించి ఇక్కడి తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. పటేల్ బ్రదర్స్ వారి తొలి కొట్టు 1974లో తెరిచింది ఇక్కడే. వీధిలో కొంత దూరం గాంధీ మార్గ్ అనీ, ఇంకొంత దూరం మహమ్మద్ అలీ జిన్నా వే అనీ గౌరవార్థం పెట్టిన బోర్డులు కనిపిస్తాయి. కందిపప్పు, కరివేపాకు గాంధీగారి వీధిలో కొనుక్కుని భోజనానికి జిన్నాగారి వీధిలోకి నడిచి వెళ్ళడం మా ఇంట్లో ఏళ్ళ తరబడి అలవాటు.

అయినా నాకు తెలిసిన మనవాళ్ళలో చాలామంది పాకిస్తానీ హోటలు గుమ్మం దాకా వచ్చి ఆగిపోతారు. లోపల ఏం దొరుకుతుందో తెలియదు, మెనూలో పేర్లు సగం అర్థం కావు, ఇంట్లో అమ్మ శనివారం నీచు తినదు, పిల్లలకు కారం పడదు. పైగా ఏ మాంసమో అడగడానికి మొహమాటం! 2003లో ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఇలాంటి హోటళ్ళలో తింటూ నేను నేర్చుకున్నదంతా ఒకచోట పెడితే నలుగురికీ పనికొస్తుందనిపించి రాస్తున్నాను. అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం మాత్రం నాకు మా బాపు నేర్పారు. అది కూడా చెబుతాను.

హోటలు తీరు

నేను చెప్పేది తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలు, కొవ్వొత్తుల వెలుగు ఉండే చోట్ల గురించి కాదు. మామూలు హోటళ్ళ గురించి. చాలావాటిలో కౌంటరు దగ్గరే ఆర్డరిచ్చి, డబ్బు కట్టి, వెళ్ళి కూర్చోవాలి. బల్ల మీద నీళ్ళ జగ్గు, ప్లాస్టిక్ గ్లాసులు ఉంటాయి. చేతులు కడుక్కోవడానికి హాల్లోనే ఒక సింకు ఉండడం మామూలే. పగలంతా టాక్సీ నడిపిన డ్రైవరు ఒక బల్ల దగ్గర, ముగ్గురు తరాల కుటుంబం పక్క బల్ల దగ్గర తింటూ ఉంటారు. పిల్లలు అరిచినా, అన్నం కింద పోసినా ఎవరూ తల తిప్పి చూడరు. చేత్తో తినడానికి మొహమాటపడక్కర్లేదు, అక్కడ అందరూ తినేది చేత్తోనే. చిన్నపిల్లలున్నవాళ్ళకు ఇంతకన్నా హాయి ఏముంటుంది చెప్పండి!

మద్యం మాత్రం సాధారణంగా ఉండదు. పంది మాంసం అసలే ఉండదు. మాంసమంతా హలాల్. హైదరాబాదులో మాంసం కొట్ల మీద కనిపించే మాటే కాబట్టి అది మనకు కొత్తేమీ కాదు.

పెద్దదా, చిన్నదా?

2006 వేసవిలో మా బాపు, అమ్మ మొదటిసారి అమెరికా వచ్చారు. బాపుది వరంగల్. అప్పటికి డెబ్బై ఏళ్ళు. నిజాం పాలన పోయేనాటికి ఆయన ఉర్దూ మీడియంలో చదువుతున్న పిల్లవాడు. మాంసమంటే ప్రాణం, కానీ గొడ్డుమాంసం ముట్టరు. నేను మూడేళ్ళుగా వెళుతున్న ఒక హోటలుకు గొప్పగా తీసుకెళ్ళి, "ఇక్కడ నిహారీ తిని చూడు బాపూ, ఇంటికి పోయినా మర్చిపోవు" అన్నాను.

గిన్నె వచ్చింది. పైన ఎర్రటి నూనె తేలుతోంది, పక్కన అల్లం చీలికలు, పచ్చిమిర్చి, నిమ్మకాయ ముక్కలు. బాపు చెయ్యి పెట్టలేదు. గోడ మీద ఉర్దూలో చేత్తో రాసి అంటించిన కాగితాన్ని చదువుతున్నారు. కాసేపటికి మెల్లగా అడిగారు: "ఇది పెద్దదారా, చిన్నదారా?"

"పెద్ద గిన్నే బాపూ, ఇద్దరికి సరిపోతుంది" అన్నాను నేను.

ఆయన ఇంకేమీ అనకుండా కౌంటరు దగ్గరున్న పెద్దాయన వైపు తిరిగి ఉర్దూలో, "జనాబ్, యే బడే కా హై యా ఛోటే కా?" అని అడిగారు. "బడే కా హై, జనాబ్" అని జవాబొచ్చింది.

బడా గోష్త్ అంటే మన వైపు పెద్దకూర అంటామే, అదే. నా గుండె ఆగినంత పనయింది. ఆ పెద్దాయనకు సంగతి అర్థమై, మేం నోరు తెరిచేలోపే గిన్నె తీసి లోపలికి పంపించారు. మేక మాంసం కడాహీ చేయించి తెచ్చారు. నిహారీకి డబ్బు తీసుకోమంటే ఒప్పుకోలేదు. ఆ తరువాత బాపు దగ్గర కూర్చుని, ఇంత మంచి ఉర్దూ ఎక్కడ నేర్చుకున్నారని అడిగి, అరగంట కబుర్లు చెప్పుకున్నారు. నేను మాత్రం మూడేళ్ళుగా మటన్ అనుకుంటూ తిన్న గిన్నెలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఎవరూ నన్ను మోసం చేయలేదు. మెనూలో ఇంగ్లీషులో ఉట్టి "నిహారీ" అని ఉంది, నేను ఒక్కరోజు కూడా అడగలేదు. అంతే.

కారులో తిరిగొస్తుంటే బాపే అన్నారు: "తెల్వక తిన్నవు, అయిపోయింది. ఇగ నుంచి అడుగు. అడిగి తింటె తప్పులేదురా, తిన్నంక అడిగితెనే బాధ."

మనలో గొడ్డుమాంసం తినేవాళ్ళూ ఉన్నారు, తిననివాళ్ళూ ఉన్నారు. ఎవరి అలవాటు వారిది. కాని ఏది తింటున్నామో తెలిసి తినాలి కదా! అందుకే ముందుగా ఆ వివరాలు.

ఏ పేరు వెనుక ఏ మాంసం

పాకిస్తానీ వంటలో గొడ్డుమాంసం చాలా మామూలు విషయం. అందుకే మెనూలో దాన్ని ప్రత్యేకంగా రాయకపోవచ్చు. నేను గుర్తుపెట్టుకున్న లెక్క ఇది:

నిహారీ: వేరే ఏమీ రాయకపోతే గొడ్డుమాంసమే అనుకోండి. కొన్నిచోట్ల మేక నిహారీ, కోడి నిహారీ విడిగా ఉంటాయి.

ఛప్లీ కబాబ్, షామీ కబాబ్, బిహారీ కబాబ్: ఎక్కువగా గొడ్డుమాంసమే.

సీఖ్ కబాబ్, కీమా: రెండు రకాలూ ఉంటాయి. అడగాల్సిందే.

హలీమ్, పాయా: ఇవీ చోటును బట్టి మారతాయి. అడగాలి.

మటన్: మనలాగే వాళ్ళకూ మటన్ అంటే ఎక్కువగా మేక మాంసమే. అమెరికా మెనూల్లో "గోట్" అనో "ల్యాంబ్" అనో విడదీసి రాస్తారు.

మురగ్, ముర్గ్: కోడి. ఇక్కడ అనుమానం లేదు.

నల్లి అంటే మూలుగ ఉన్న ఎముక, మగజ్ అంటే మెదడు. నిహారీ పేరు పక్కన ఈ మాటలుంటే అవి కూడా గిన్నెలో వస్తాయన్నమాట.

ఎలా అడగాలి? "ఇది బీఫా, గోటా?" అంటే చాలు. ఉర్దూ వస్తే బాపులాగా "బడే కా యా ఛోటే కా" అనండి. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్నకు నాతో ఒక్కరు కూడా విసుక్కోలేదు. హలాలా కాదా అని ప్రతిచోటా అడిగి తినే అలవాటు వాళ్ళదీ కాబట్టి, మన ప్రశ్న వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.

మెనూలో ముఖ్యమైనవి

నిహారీ: "నహార్" అనే అరబ్బీ మాట నుంచి వచ్చిన పేరు. అంటే పగలు, ఉదయం. రాత్రంతా సన్నని సెగ మీద ఉడికించి పొద్దున్నే తినేవారు. పాత ఢిల్లీ వంట ఇది. 1947 తరువాత ఢిల్లీ నుంచి వలస వెళ్ళినవారితో కరాచీ చేరి అక్కడిదే అయిపోయింది. పిక్క మాంసం వేళ్ళతో విడిపోయేలా ఉడుకుతుంది. రసం చిక్కబడడానికి గోధుమపిండి కలుపుతారు. గోధుమ పడనివాళ్ళు ఇది గమనించాలి. దీన్ని నానుతో తినాలి, అన్నంతో కాదు. ఒక గిన్నె, మూడు నాన్లు ఇద్దరికి సరిపోతాయి.

హలీమ్: హైదరాబాదు వాళ్ళు ఇక్కడ కాస్త నిరాశపడతారు. మన హలీమ్‌లో గోధుమ, మాంసం, నెయ్యి ముందుంటాయి. పాకిస్తానీ హలీమ్‌లో పప్పుల పాలు ఎక్కువ, మసాలా ఘాటు ఎక్కువ. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కాబట్టి మన గర్వం మనది. అయినా పోలిక పెట్టుకోకుండా వేరే వంటకంగా తింటే ఇదీ బాగుంటుంది. దీనిలోనూ గోధుమ తప్పనిసరి.

కడాహీ: మన మూకుడే! టమాటా, అల్లం, పచ్చిమిర్చి వేసి పెద్ద మంట మీద వండి, మూకుడుతోనే బల్ల మీదికి తెస్తారు. గ్రేవీలో టమాటాదే రాజ్యం, చాలాచోట్ల ఉల్లిపాయ వెయ్యరు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నా సలహా కోడి కడాహీగాని, మేక కడాహీగాని. ఏ మాంసమో పేరులోనే ఉంటుంది, రుచి మన నాలుకకు దగ్గర. అప్పటికప్పుడు వండుతారు కాబట్టి అరగంట పైనే పడుతుంది. ముందు కబాబులు చెప్పి, కడాహీ వచ్చేదాకా వాటితో కాలక్షేపం చేయాలి.

కబాబులు: ఛప్లీ కబాబ్ పెషావరు వైపుది. అరచేయంత వెడల్పుగా, చదునుగా ఉంటుంది. దంచిన ధనియాలు, ఎండు దానిమ్మ గింజలు పంటికి తగులుతాయి. బిహారీ కబాబ్‌లో మాంసాన్ని పల్చటి పీలికలుగా కోసి, పచ్చి బొప్పాయిలో నానబెట్టి కాలుస్తారు. పేరులో ఉన్న బిహార్ మన బిహారే. అక్కడినుంచి వెళ్ళినవాళ్ళు కరాచీకి తీసుకెళ్ళిన రుచి ఇది.

బిర్యానీ: సింధీ బిర్యానీలో బంగాళాదుంపలు, పుల్లటి ఎండు ఆలూబుఖారా పళ్ళు ఉంటాయి. మిర్చీ కా సాలన్ కోసం వెతక్కండి, రైతా మాత్రమే ఇస్తారు. "బిర్యానీలో ఆలుగడ్డ ఏంది?" అని మా బాపు ఆశ్చర్యపోయి, చివరికి ఆ ముక్కలే ఏరుకుని తిన్నారు. కరాచీలో హైదరాబాద్ కాలనీ అనే పేట కూడా ఉంది. మనవైపు నుంచి వలస వెళ్ళినవాళ్ళ పేట అది. కాబట్టి కొన్ని మెనూల్లో బఘారే బైంగన్ కనిపిస్తే ఆశ్చర్యపోకండి, సంతోషంగా తెప్పించుకోండి.

రొట్టెలు: తందూరీ రోటీ గోధుమపిండితో, నాన్ మైదాతో చేస్తారు. రోగ్నీ నాన్ మెత్తగా, నువ్వులు చల్లి ఉంటుంది. నాన్ పిండిలో కొన్నిచోట్ల గుడ్డు కలుపుతారు. గుడ్డు తిననివాళ్ళు అడిగి, కాదనుకుంటే రోటీ తీసుకోవాలి.

శనివారం వాళ్ళ సంగతి

మా అమ్మ శనివారం నీచు ముట్టదు. మనం బయటికి వెళ్ళేది శనివారమే! మొదట్లో ఆమె పెరుగు, నానుతో సరిపెట్టుకునేది. తరువాత తెలిసింది, వెతికితే ఆమెకూ మంచి భోజనమే ఉందని.

మాష్ కీ దాల్ అని ఉంటే తప్పక చెప్పండి. మాష్ అంటే మన మినపప్పే. ఇడ్లీకి నానబోసే ఆ పప్పునే పొడిపొడిగా ఉడికించి, అల్లం, పచ్చిమిర్చితో తాలింపు పెడతారు. "మినప్పప్పుతో కూర కూడా చేస్తరా!" అని అమ్మ ఇంటికొచ్చి తనే రెండుసార్లు చేసింది. కఢీ పకోడా మన మజ్జిగ పులుసుకు చుట్టం, శనగపిండి పకోడీలు వేస్తారు. భిండీ, బైంగన్, పాలక్ పనీర్ సరేసరి.

ఇక వారాంతం ఉదయాల్లో కొన్ని హోటళ్ళు హల్వాపూరీ పెడతాయి. పూరీలు, రవ్వ హల్వా, శనగల కూర, బంగాళాదుంప కూర, అన్నీ ఒకే పళ్ళెంలో. శాకాహారులను తీసుకెళ్ళడానికి దీనికి మించిన వేళ లేదు. మధ్యాహ్నం అయ్యేసరికి అయిపోతుంది కాబట్టి పెందలాడే వెళ్ళాలి.

ఇక్కడా అడగాల్సినవి ఉన్నాయి. శనగల కూరను కొన్నిచోట్ల కోడితో కలిపి ముర్గ్ చనేగా వండుతారు. దాల్ గోష్త్, పాలక్ గోష్త్ పేర్లలో ముందున్న మాట చూసి మోసపోకండి, గోష్త్ అంటే మాంసం. వంటింట్లో తందూరు, నూనె, గరిటె మాంసానికీ కూరలకీ ఒకటే కావచ్చు. అంత నియమం పాటించేవాళ్ళను ఇక్కడికి బలవంతంగా తీసుకెళ్ళకపోవడమే మర్యాద. వాళ్ళకు ఆ పక్కనే శాకాహార హోటళ్ళు ఉండనే ఉన్నాయి.

పిల్లలకు, పెద్దలకు

పిల్లలకు మలాయ్ బోటీ మంచిది. కోడి ముక్కలను మీగడ, పెరుగులో నానబెట్టి కాలుస్తారు, కారం తక్కువ. దానితో ఒక నాన్, ఒక మామిడి లస్సీ ఉంటే మా పిల్లలు ఇంకేమీ అడిగేవారు కాదు. కారం తగ్గించమని కడాహీకి చెప్పొచ్చు, ఎందుకంటే అది అప్పుడే వండుతారు. నిహారీ, హలీమ్ ముందే వండి ఉంటాయి కాబట్టి వాటిలో మార్పు కుదరదు.

గుండె జబ్బు, బీపీ ఉన్న పెద్దలకు నిహారీ, పాయా మీద తేలే నూనె మంచిది కాదు. కాల్చిన కోడి, రోటీ, పప్పు చెప్పండి. ఖోర్మాలో బాదం వంటి గింజలు నూరి వేయడం ఉంటుంది. అవి పడని పిల్లలుంటే ముందే చెప్పి కనుక్కోవాలి.

ఆర్డరు ఇచ్చేటప్పుడు మన ఆత్రం కాస్త తగ్గించుకోవాలి. నలుగురికి ఒక కబాబు పళ్ళెం, ఒక కడాహీ, ఒక పప్పు, ఆరు రొట్టెలు చాలు. చాలకపోతే మళ్ళీ చెప్పుకోవచ్చు, మిగిలితే డబ్బాలో కట్టిస్తారు. కడాహీ మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది.

చివర్లో టీ

గులాబ్‌జామ్, ఖీర్, గాజర్ హల్వా మనకు తెలిసినవే. టీ మాత్రం వదలకండి. దూధ్‌పత్తీ అంటే నీళ్ళు లేకుండా పాలలోనే ఆకు మరిగించిన టీ. కశ్మీరీ చాయ్ గులాబీ రంగులో ఉంటుంది. అది సిరప్పు రంగు కాదు. ఒక రకం గ్రీన్ టీ ఆకును వంటసోడాతో చాలాసేపు మరిగించి, గాలి తగిలేలా తిరగబోస్తే ముదురు ఎరుపు వస్తుంది, పాలు పోస్తే గులాబీ అవుతుంది. పైన పిస్తా పలుకులు చల్లుతారు.

వేళలు, మర్యాదలు

శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు కొన్ని హోటళ్ళు కాసేపు మూస్తారు. నమాజు ముగిశాక ఒక్కసారిగా జనం వస్తారు. రంజాన్ నెలలో పగలు కొన్నిచోట్ల వంట ఉండదు. ఆ నెల ప్రతి ఏడూ పదకొండు రోజుల దాకా ముందుకు జరుగుతుంది కాబట్టి కేలండరు చూసుకుని వెళ్ళాలి. సూర్యాస్తమయానికి హాలంతా ఖర్జూరం పళ్ళేలతో నిండి ఉంటుంది. ఆ సమయంలో మీరు అక్కడుంటే మీ బల్ల మీదకూ ఒక పళ్ళెం రావచ్చు. అందరూ ఉపవాసం విడిచేదాకా రెండు నిమిషాలు ఆగి, వాళ్ళతోపాటే తినడం బాగుంటుంది.

టిప్పు సంగతి: బల్ల దగ్గరికి వచ్చి వడ్డించే చోట అమెరికాలో మామూలే, 15 నుంచి 20 శాతం. కౌంటరు దగ్గర తీసుకునే చోట మీ ఇష్టం. నగదు మాత్రమే తీసుకునే చిన్న హోటళ్ళూ ఉంటాయి కాబట్టి జేబులో కొంత ఉంచుకోండి.

ఇతర ఊళ్ళవారికి రెండు పేర్లు. దుబాయిలో ఉన్నవాళ్ళకు సత్వాలో 1978లో మొదలైన రావి రెస్టారెంటు ఉంది. లండన్ వాళ్ళకు వైట్‌చాపెల్‌లో 1972 నుంచి ఉన్న తయ్యబ్స్ ఉంది, కాల్చిన ల్యాంబ్ చాప్స్‌కు దానికి పేరు. రెండూ కుటుంబంతో వెళ్ళదగ్గ చోట్లే.

చెప్పొచ్చేదేమిటంటే, ఇది పరాయి వంట కాదు, అలాగని మన వంటా కాదు. తెలిసిన పేర్ల వెనుక తెలియని సంగతులుంటాయి, తెలియని పేర్ల వెనుక మన మినపప్పు ఉంటుంది. లోపలికి వెళ్ళి అడిగితేనే తెలుస్తుంది. ఆ 2006 సాయంత్రం తరువాత బాపు ఇక్కడున్న నాలుగు నెలల్లో ఆ హోటలుకు ఆయనే మమ్మల్ని ఎన్నిసార్లు లాక్కెళ్ళారో! వెళ్ళగానే కౌంటరు పెద్దాయన చేయి పైకెత్తి, మేం అడగకముందే "ఛోటే కా, జనాబ్!" అని నవ్వేవారు.